సెలినూంతె: పని మధ్యలో ఆగిపోయిన నగరం

సభకు నమస్కారం.

సిసిలీ ద్వీపపు నైరుతి తీరంలో, రెండు వాగుల నడుమా వాటి గట్ల మీదా సెలినూంతె శిథిలాలు విస్తరించి ఉన్నాయి. ప్రాచీన గ్రీకులకు ఇది సెలినస్. ద్వీపం తూర్పు తీరంలోని మెగారా హైబ్లేయా అనే గ్రీకు వలస నగరం నుంచి బయలుదేరిన జనం దీన్ని స్థాపించారు. ప్రాచీన గ్రీకు చరిత్రకారులలో థుసిడిడీస్ లెక్కన అది క్రీ.పూ. 628, డయోడోరస్ లెక్కన అంతకు రెండు దశాబ్దాలకు పైగా ముందు. అంటే, వలస వచ్చినవారు మళ్లీ పెట్టిన వలస ఇది. సిసిలీ గ్రీకు నగరాలలో పడమటి కొసన ఉన్నది ఇదే కనుక సముద్ర వర్తకులైన ఫినీషియన్ల నగరం మోట్యా, స్థానిక ఎలీమియన్ జాతి నగరం సెజెస్టా దీనికి ఇరుగుపొరుగులయ్యాయి. సెజెస్టాతో ఉన్న సరిహద్దు తగాదాయే చివరికి ఈ నగరాన్ని ముంచింది. ఆ తగాదాలో జోక్యం చేసుకున్న ఉత్తర ఆఫ్రికా నగరం కార్తేజ్ సైన్యం క్రీ.పూ. 409లో తొమ్మిది రోజుల ముట్టడి తర్వాత నగరాన్ని పట్టుకుంది. 16,000 మంది హతులయ్యారనీ, 5,000 మంది బందీలయ్యారనీ డయోడోరస్ రాశాడు.

ఇక్కడి ఆలయాలు ఏ దేవతలవో చాలావాటి విషయంలో తేలలేదు. అందుకే వాటిని అక్షరాలతో పిలుస్తారు. 1950ల చివర్లో తిరిగి నిలబెట్టిన ఇ ఆలయం ముందు సందర్శకులు ఎక్కువసేపు ఆగుతారు. దాని శిల్పఫలకాలు పలెర్మో మ్యూజియంలో ఉన్నాయి. వాటిని దగ్గరగా చూస్తే ఒక విశేషం కనిపిస్తుంది: ఫలకమంతా స్థానిక సున్నపురాయి కాగా, స్త్రీమూర్తుల ముఖాలు, చేతులు, పాదాలు మాత్రం పాలరాతితో విడిగా చెక్కి అమర్చినవి. మంచి పాలరాయి దొరకని చోట ఉన్న కొద్దిపాటి రాయిని ఎక్కడ వాడాలో ఆ శిల్పులు ఎంతో ఆలోచించి నిర్ణయించుకున్నారు.

అయితే ఈ నగరాన్ని అర్థం చేసుకోవడానికి నేను ముందుగా చూడమనేది పది కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న కూసా రాతిగనులను. స్తంభాలకు కావలసిన గుండ్రటి దిమ్మెలు అక్కడ ఇంకా కొండరాతిలోనే ఉన్నాయి: చుట్టూ మనిషి నిలబడి ఉలి ఆడించేంత సందు తొలిచారు, అడుగు మాత్రం కోయలేదు. కొన్ని విడివడి నేల మీద పడి ఉన్నాయి. వీటిలో పెద్దవి జి ఆలయానికి ఉద్దేశించినవని పరిశోధకులు భావిస్తున్నారు. క్రీ.పూ. 530 ప్రాంతంలో మొదలై, 110 మీటర్ల పొడవుతో గ్రీకు ప్రపంచపు అతిపెద్ద ఆలయాలలో ఒకటిగా లేచిన ఆ కట్టడం ఎన్నడూ పూర్తి కాలేదు. దాని స్తంభాలలో కొన్నింటికి నిలువు గాడులు ఉన్నాయి, కొన్ని నున్నగానే మిగిలాయి. గాడులు తీసే పని స్తంభం నిలబెట్టిన తర్వాతే జరిగేదని దీన్నిబట్టి తెలుస్తుంది. పూర్తయిన ఆలయం ఏదీ ఈ సంగతి ఇంత స్పష్టంగా చెప్పదు.

నగరం తూర్పు అంచున కొత్తోనే వాగు వెంబడి ఇటీవలి దశాబ్దాలలో బయటపడిన కుమ్మరివాడ కూడా ఇంతే విలువైనది. కుండలు, పెంకులు, మొక్కుబడి బొమ్మలు కాల్చిన దాదాపు 80 బట్టీల ఆనవాళ్లు అక్కడ గుర్తించారు. ఊరి చివర మాలోఫోరస్ దేవత సన్నిధిలో దొరికిన వేలాది మట్టిబొమ్మలను ఈ బట్టీల పక్కన పెట్టి ఆలోచిస్తే, భక్తీ జీవనోపాధీ ఎంత దగ్గరగా నడిచాయో బోధపడుతుంది.

జి ఆలయం స్తంభాలను కొన్నింటినైనా మళ్లీ నిలబెట్టాలనే ప్రతిపాదన ఏళ్లుగా చర్చలో ఉంది. నేను దానికి సుముఖుణ్ణి కాను. భూకంపాలకు కూలిన ఆ రాళ్లు పడిన క్రమమే ఒక సాక్ష్యం; ఒకసారి కదిలిస్తే అది తిరిగి రాదు. ఆ ఖర్చును కుమ్మరివాడ తవ్వకాలకూ, ఎండావానలకు అరిగిపోతున్న కూసా దిమ్మెల మీది ఉలిగుర్తులను నమోదు చేయడానికీ వెచ్చించాలని నా అభిప్రాయం.