ఆయిల్ ఒక నెల తగ్గుతది, ఒక నెల తగ్గదు: వారంటీ పికప్‌కు లెక్క ఎట్ల పెట్టాలె

వ్యాఖ్యాత: అన్నా, వారంటీల ఉన్న బీఎస్6 డీజిల్ పికప్. ఒక నెల ఆయిల్ అస్సలు తగ్గదు, ఇంకో నెల లీటర్ దాకా పోతది. సర్వీస్ సెంటర్ల "పొగ ఏది?" అంటరు. యాడికెళ్లి మొదలు పెట్టాలె?

మెకానిక్: ముందుగాల పొగ ముచ్చట పక్కకు పెట్టు తమ్మీ. ఈ బండ్లకు డీపీఎఫ్, అంటే పొగల మసిని పట్టే ఫిల్టర్ ఉంటది, నీలం పొగను చాలావరకు అదే పట్టుకుంటది. ఆయిల్ కాలినా సైలెన్సర్ కాడ కనపడకపోవచ్చు. కొలతనే సాక్ష్యం. గని ఆయిల్ లెవెల్ చూసే గీతల పుల్ల, డిప్‌స్టిక్ గూడ ఒక్కోసారి తప్పు చెప్తది.

వ్యాఖ్యాత: అదెట్ల?

మెకానిక్: బండి నల్లగొండ టౌన్లనే తిరుగుతుందనుకో. చిన్న ట్రిప్పులు, గంటకోసారి బంద్ చేసుడు. డీపీఎఫ్‌ల మసి కాల్చనీకె చాలా ఇంజిన్లు సిలిండర్ల ఎక్కువ డీజిల్ కొడ్తయి. మధ్యల బంద్ చేస్తే ఆ పని ఆగి, మళ్ల మొదటికెళ్లి షురూ అయితది. డీజిల్ కొంత సిలిండర్ గోడెంబడి జారి ఆయిల్ల కలుస్తది. ఇటు ఆయిల్ కాలుతది, అటు డీజిల్ చేరుతది, గీత మాత్రం కదలదు. తర్వాత లోడుతోటి విజయవాడ హైవే ఎక్కితే వేడికి డీజిల్ కొంత ఎగిరిపోతది, లెవెల్ ఒక్కసారే దిగుతది. "నిన్నటిదాక మంచిగనే ఉండె" అనిపిస్తది.

వ్యాఖ్యాత: డీజిల్ కలిసిందని ఎట్ల తెలుస్తది?

మెకానిక్: డిప్‌స్టిక్ కొసకెళ్లి ఒక్క చుక్క తెల్ల టిష్యూ మీద వేసి, కొన్ని గంటలు ఆగు. నడిమిట్ల నల్లటి మచ్చ ఉంటది. దాని బయట లేత రంగు వలయం పారితే, వాసన గూడ డీజిల్ కొడితే, అనుమానం గట్టిదే. ల్యాబ్‌ల ఆయిల్ పరీక్ష చేయమని అడగాలె.

వ్యాఖ్యాత: ఆయిల్ ఎంత తాగుతుందో చూడనీకె సర్వీస్ సెంటరోళ్లు చేసే ఆయిల్ కన్సంప్షన్ టెస్టు సంగతి?

మెకానిక్: కొత్త ఆయిల్, కొత్త ఫిల్టర్ వేయాలె. డ్రైన్ బోల్టు, ఫిల్టర్, ఫిల్లర్ మూతకు పెయింట్ గుర్తు పెట్టి, మీటర్ రీడింగ్ రాయాలె. 1,000 కిలోమీటర్లు తిప్పాలె, అది టౌన్ల కాదు. నల్లగొండ నుంచి హైదరాబాద్ పోయి వస్తే సుమారు 200, అట్ల ఐదు ట్రిప్పులు, రోజూ వేసే లోడుతోటే. తర్వాత గీత చూసి వదిలేయొద్దు, తూకం వేయమను. పోసింది ఎన్ని కిలోలు, దించింది ఎన్ని కిలోలు. లీటర్ ఆయిల్ సుమారు 860 గ్రాములుంటది. టెస్టుకు ముందు పాతది దించేటప్పుడు, టెస్టు అయినంక దించేటప్పుడు, రెండుసార్లు ఇంజిన్ వేడిగ ఉండంగ, సమం జాగల, ఒకటే సేపు కారనియ్యాలె.

వ్యాఖ్యాత: తగ్గిందని తేలితే, ఎటు పోయినట్టు?

మెకానిక్: మొదలు కారుడు లేదని చూడాలె. కింద కడిగి, రాత్రంతా అట్ట పెడితే తెలుస్తది. తర్వాత ఇంజిన్‌లకు గాలిని ఒత్తి పంపే టర్బో నుంచి, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కు పోయే హోస్ విప్పు. లోపట సన్నటి తడి ఉంటే మామూలే, వంచితే ధార కడితే తప్పు. అప్పుడు టర్బోకు ముందు, గాలి లోపటికొచ్చే పైపుల వేలు పెట్టు. ఆడ పొడిగ ఉండి, టర్బో దాటినంక తడి ఉంటే టర్బో సీలు, లేకుంటే దాని ఆయిల్ రిటర్న్ పైపు చూడాలె. ముందే తడి ఉంటే బ్రీదర్‌కెళ్లి, అంటే ఇంజిన్ లోపటి ఆవిరి బయటికొచ్చే పైపుకెళ్లి వస్తున్నట్టు. ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతోటి మూసుకపోయినా టర్బో ఆయిల్ గుంజుతది. ధార కట్టేటంత ఉంటే బండి నడపొద్దు. ఇంజిన్ ఆ ఆయిల్‌నే తాగి, చావి తీసినా ఆగకపోవచ్చు.

వ్యాఖ్యాత: "కంప్రెషన్ మంచిగుంది, ఇంజిన్ ఓకే" అంటే?

మెకానిక్: ఒప్పుకోవద్దు. కంప్రెషన్, అంటే సిలిండర్ల గాలి ఒత్తిడి పట్టేవి పిస్టన్ పై రింగులు. ఆయిల్ గీకేది కింది రింగు. అది మసితోటి బిగుసుకున్నా కంప్రెషన్ నంబర్ సక్కగనే వస్తది.

వ్యాఖ్యాత: వారంటీ కోసం ఏం రాసిపెట్టుకోవాలె?

మెకానిక్: జాబ్ కార్డుల "అప్పుడప్పుడు ఆయిల్ తాగుతుంది" అని రాయనియ్యొద్దు. "ఇన్ని కిలోమీటర్లకు ఇన్ని మిల్లీలీటర్లు పోసినం, లోడుతోటి హైవే మీద" అని రాయించి, కాపీ తీస్కోవాలె. మాన్యువల్‌ల ఉన్న గ్రేడ్ ఆయిలే పోయాలె, ప్రతి డబ్బా బిల్లు మీద రీడింగ్ రాయాలె. చిక్కటి ఆయిల్, పొగ తగ్గించే మందులు పోస్తే నీ సాక్ష్యం నువ్వే చెడగొట్టుకున్నట్టు. ఎయిర్ ఫిల్టర్ మార్చిన బిల్లులు గూడ పైలంగ పెట్టు, దుమ్ము లోపటికి పోయి రింగులు అరిగినయని కొట్టేయకుండ అవే అడ్డుపడ్తయి.