వెన్నెముక అరిగిందన్న రిపోర్టు చేతికొస్తే

[తెర మీద: నడుము భాగం ఎమ్మారై ఫిల్మ్. కెమెరా మెల్లగా దగ్గరికి వెళ్తుంది.]

నమస్కారం. నడుము నొప్పని వెళ్తే స్కానింగ్ తీశారు. రిపోర్టులో ‘డిజెనరేటివ్ ఛేంజెస్’, ‘డిస్క్ బల్జ్’, ‘ఆస్టియోఫైట్స్’ అని రాసుంది. అంటే అరుగుదల మార్పులు, పూసల మధ్య ఉండే డిస్కు కాస్త బయటికి ఉబ్బడం, పూసల అంచుల్లో ఎముక పెరగడం. ఇక ఆ రోజు నుంచీ ఇంట్లో అందరిదీ ఒకటే మాట: వంగొద్దు, బరువెత్తొద్దు, పడుకో. చాలామందిని నొప్పి కన్నా ఈ భయమే ఎక్కువగా మంచానికి అంటిపెడుతోంది. అసలు లోపల ఏం జరుగుతోందో తెలిస్తే ఆ భయం చాలావరకు తగ్గుతుంది.

[యానిమేషన్: వెన్నెముక పక్కనుంచి. పూసలు ఒక్కొక్కటిగా వెలుగుతాయి.]

వెన్నులో కదిలే పూసలు 24. మెడలో 7, వీపులో 12, నడుములో 5. పూసల మధ్య ముందువైపు మెత్తటి డిస్కు ఉంటుంది. వెనకవైపు కుడి, ఎడమల్లో రెండు చిన్న కీళ్లుంటాయి. వీటిని ఫేసెట్ జాయింట్లు అంటారు. మోకాలిలో లాగే వీటిలోనూ నున్నటి మృదులాస్థి పొర, జారుడుగా ఉంచే ద్రవం ఉంటాయి. అందుకే మోకాళ్లకు వచ్చే ఆర్థరైటిస్ వెన్నుకూ వస్తుంది.

డిస్కు మధ్యభాగంలో ఎక్కువగా ఉండేది నీరే. వయసు పెరిగేకొద్దీ ఆ నీరు తగ్గి డిస్కు పల్చబడుతుంది, పూసలు దగ్గరవుతాయి. డిస్కు మోయాల్సిన బరువులో కొంత వెనకున్న చిన్న కీళ్ల మీద పడుతుంది. వాటి మృదులాస్థి అరుగుతుంది. ఆ భారాన్ని తట్టుకునే ప్రయత్నంలో పూసల అంచుల్లో కొత్త ఎముక పెరుగుతుంది. రిపోర్టులో ఆస్టియోఫైట్స్ అన్నది దాన్నే. ఈ మార్పులన్నిటినీ కలిపి స్పాండిలోసిస్ అంటారు.

[తెర మీద పెద్ద అక్షరాల్లో: 37 శాతం – 96 శాతం]

ఈ అంకెలు చూడండి. ఏ నొప్పీ లేని మూడు వేల మందికి పైగా స్కానింగ్ ఫలితాలను ఒకచోట చేర్చిన పరిశీలన ఒకటి 2015లో వచ్చింది. 20 ఏళ్ల వయసులోనే 37 శాతం మందికి డిస్కు అరుగుదల కనిపించింది. 80 ఏళ్ల వయసులో 96 శాతం మందికి ఉంది. మళ్లీ చెబుతున్నాను, వీళ్లెవరికీ నడుము నొప్పి లేదు! అలాగని మీ నొప్పి అబద్ధమని కాదు. అది నిజమైన నొప్పే. కానీ ఫిల్మ్ ఒక్కటే చూసి ‘ఇదిగో, ఇందువల్లే నొప్పి’ అని తేల్చేయలేం. అరుగుదల ఎక్కువున్నంత మాత్రాన నొప్పి ఎక్కువ ఉండాలనీ లేదు.

మరి నొప్పి ఎలా ఉంటుంది? పొద్దున్నే లేచేసరికి నడుమో మెడో పట్టేసినట్టుంటుంది, కాసేపు అటూఇటూ తిరిగితే వదులవుతుంది. ఆ బిగుతు రోజూ అరగంట దాటుతుంటే, అదీ 45 ఏళ్ల లోపే మొదలైతే, వేరే రకం కీళ్లవాపు కావచ్చు. డాక్టర్‌కు తప్పక చెప్పాలి. ఇంకొందరికి కొంతదూరం నడిచేసరికి కాళ్లు బరువెక్కి, తిమ్మిరెక్కి, కూర్చున్నా ముందుకు వంగినా హాయిగా ఉంటుంది. వెన్నులో నరాలు వెళ్లే దారి ఇరుకైతే ఇలా జరుగుతుంది.

[తెర మీద: ఒక పెద్దావిడ కుర్చీలోంచి లేస్తూ, కూర్చుంటూ వ్యాయామం చేస్తోంది.]

ఇప్పుడు అసలు మందు గురించి. అది కదలికే. రోజుల తరబడి పడుకుంటే కండరాలు బలహీనపడతాయి, వెన్నుకు ఆసరా ఇంకా తగ్గుతుంది. నడక మొదలుపెట్టండి. పది నిమిషాలే నడవగలిగితే పది నిమిషాలే నడవండి, వారం వారం కొంచెం పెంచండి. పొట్ట, పిరుదులు, తొడల కండరాలకు బలమిచ్చే వ్యాయామాలు ఫిజియోథెరపిస్ట్ దగ్గర ఒకసారి సరిగ్గా నేర్చుకోండి. చేసేటప్పుడు కాస్త నొప్పి పుడితే కంగారుపడకండి, లోపల ఏదో దెబ్బతింటోందని కాదు. మర్నాటికల్లా తగ్గిపోతుంటే ఫర్వాలేదు. తగ్గకపోతే మోతాదు తగ్గించండి, మానేయకండి. నొప్పి లేని రోజున పనులన్నీ ఒక్కసారే మీదేసుకోవడం, తర్వాత రెండు రోజులు లేవలేకపోవడం చాలామందికి జరిగేదే. పనిని విడగొట్టుకుని చేస్తే ఈ అవస్థ తప్పుతుంది.

వేడి కాపడం హాయిగా ఉంటుంది, వాడండి. బరువు తగ్గడం, పొగ మానడం, సరిపడా నిద్ర కూడా ఉపయోగపడతాయి. నొప్పి మాత్రలతో మాత్రం జాగ్రత్త. వాపు తగ్గించే మాత్రలను సొంతంగా నెలల తరబడి మింగితే కడుపులో పుండ్లు పడవచ్చు, కిడ్నీలు, గుండె దెబ్బతినవచ్చు. బీపీ, షుగర్ ఉన్నవాళ్లకు ఈ ముప్పు ఇంకా ఎక్కువ. ఇక నడుముకు బెల్టు అంటారా, ప్రత్యేక కారణమేదీ కనబడని దీర్ఘకాలిక నడుము నొప్పికి బెల్టులు, ట్రాక్షన్ (వెన్నును లాగిపట్టే చికిత్స) మామూలుగా వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించింది. అదే సంస్థ వ్యాయామాన్ని సిఫార్సు చేసింది. ఆపరేషన్ అవసరం కొద్దిమందికే వస్తుంది. ముఖ్యంగా నరం నొక్కుకుని కాలో చెయ్యో బలహీనపడుతున్నప్పుడు.

[తెర ఎర్రబడుతుంది. కింది లక్షణాలు ఒక్కొక్కటిగా వస్తాయి.]

ఇక్కడ మాత్రం ఆలస్యం చేయకండి. మూత్రం రాకపోవడం, లేదా మూత్రం, మలం మీద పట్టు తప్పడం, ఆ భాగాల చుట్టూ స్పర్శ పోవడం, రెండు కాళ్లూ బలహీనపడటం, ఇవి కనిపిస్తే వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి. మెడ అరుగుదల ఉన్నవాళ్లకు చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమవుతున్నా, నడకలో తూలుతున్నా వెన్నుపాము నొక్కుకుంటోందేమో త్వరగా చూపించుకోవాలి. నొప్పితో పాటు జ్వరం రావడం, కారణం లేకుండా బరువు తగ్గడం, గతంలో క్యాన్సర్ వచ్చి ఉండటం, పెద్ద వయసులో కింద పడ్డాక నొప్పి మొదలవడం, వీటినీ వయసు మీదకు నెట్టేయకండి.

ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు రిపోర్టు బల్ల మీద పెట్టి ఈ మూడూ అడగండి. ఇందులో కనిపిస్తున్న మార్పులకూ నా నొప్పికీ పొంతన ఉందా? నరం ఏమైనా నొక్కుకుంటోందా? నేను ఏ వ్యాయామంతో మొదలుపెట్టాలి?