పెదవి మీద మచ్చ, అంగిట్లో నిప్పు

యాంకర్: శ్రీకాకుళం జిల్లా గార మండలం నుంచి ఒక అమ్మ లైన్‌లో ఉన్నారు. చెప్పండమ్మా.

కాలర్: డాక్టరు బాబూ, నమస్కారం. నా కింది పెదవి మీద నల్లమచ్చ పడిందండి. పక్కింటావిడ కాలేయం పాడైందంటోంది. టెన్షన్‌గా ఉంది.

డాక్టర్: మచ్చ పడేముందు మండిందా, పొక్కిందా?

కాలర్: అవునండి. నడుంనొప్పికి బిళ్ళ వేసుకున్న మర్నాడు పొక్కింది. మానింది గానీ నలుపు మిగిలిపోయింది. మొన్న మళ్ళీ వేసుకుంటే సరిగ్గా అక్కడే మండింది.

డాక్టర్: అనుమానం ఆ బిళ్ళ మీదే. కొందరికి కొన్ని మందులు పడవు. నొప్పి బిళ్ళలు, కొన్ని యాంటీబయాటిక్‌లు ఇలా వేసుకున్నప్పుడల్లా ఒకే చోట పొక్కిస్తాయి. కాలేయం మాట వదిలేయండి. ఒళ్ళంతా, అరచేతి గీతలతో సహా నల్లబడి, నీరసంగా ఉండి, బరువు తగ్గుతుంటే అది వేరే సంగతి, మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథికి పరీక్ష చేయించాలి. మీరు ఆ బిళ్ళ మానేసి, అట్ట దాచి డాక్టరుకు చూపించండి. నిమ్మకాయ మాత్రం రుద్దకండి.

కాలర్: రుద్దేశానండి!

డాక్టర్: (నవ్వుతూ) ఇక ఆపేయండి.

కాలర్: మరి మా అత్తకి నోరంతా నలుపేనండి. బిళ్ళలేవీ వాడదు.

డాక్టర్: చుట్ట కాలుస్తారా?

కాలర్: అడ్డపొగండి. గాలికి ఆరిపోదని చుట్ట నిప్పు కొస నోటి లోపలికి పెట్టుకుంటుంది.

డాక్టర్: పొగ తగిలేకొద్దీ నోట్లో రంగు పెరుగుతుంది. పుట్టుకతోనే చిగుళ్ళు నల్లగా ఉండేవాళ్ళూ మనలో చాలామందే. నల్లరంగు ఒక్కటే అయితే నాకంత భయం లేదమ్మా, తెలుపంటేనే భయం. నిప్పు సెగ తగిలేది అంగిలికి. అక్కడ తెల్లగా మందమెక్కి, మధ్యలో ఎర్రచుక్కలు లేస్తాయి. మామూలుగా చుట్ట కాల్చేవాళ్ళకి అంగిట్లో క్యాన్సర్ అరుదు. అడ్డపొగ వాళ్ళకి అక్కడే ఎక్కువ.

కాలర్: నొప్పి లేదంటుందండి. కారం తగిలితే మంటట.

డాక్టర్: మొదట్లో నొప్పి ఉండదమ్మా, అదే చిక్కు. కట్టుడు పళ్ళుంటే తీయించి, తల వెనక్కి వంచి టార్చి వేసి చూడండి. రెండు వారాలైనా మానని పుండు గానీ, గడ్డ గానీ, తెల్లటి పొర గానీ ఉంటే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. ఏమీ కనపడకపోయినా ఈ వారమే పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.

కాలర్: మానమంటే తిడుతుంది బాబూ. నలభై ఏళ్ళ నుంచి కాలుస్తున్నాను, నాకేటయిందంటుంది.

డాక్టర్: మానాల్సిందే. కానీ ఆ గొడవ ఇవాళ పెట్టుకోకండి, ముందు నోరు చూపించడానికి ఒప్పించండి. ఇంట్లోనే ఉన్నారా?

కాలర్: వాకిట్లో ఉందండి. చుట్ట నోట్లోనే ఉంది.

డాక్టర్: తీసి మాట్లాడమని ఫోనివ్వండి.