గేటుకు తాళం పడిన వారం

శ్రోతలకు నమస్కారం. ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు ఉన్న మన తెలుగువాళ్లు ఒడియా గడగడా మాట్లాడతారు. చదవమంటే మాత్రం చాలామందికి తడబాటే. పొద్దున్నే షిఫ్టుకు వెళ్లేసరికి కంపెనీ గేటుకు తాళం, పక్కన ఒడియాలో ఓ నోటీసు. చదవడం వచ్చినవాడి చుట్టూ అందరూ మూగుతారు. "ఏటి బావూ, మరి తెరవరా? జీతం మాటేటి రాసేరు?"

ముందు ఆ నోటీసును ఫోన్లో ఫోటో తీసుకోండి. కంపెనీయే మూసింది, మనం మానలేదు అనడానికి సాక్ష్యం అదే. ఎందుకంటే రెండు మూడు రోజుల్లో ఆఫీసు నుంచి పిలుపు రావచ్చు, సంతకం పెడితే లెక్క తేల్చేస్తామని. అందులో "నా ఇష్టంతో రాజీనామా చేస్తున్నాను" అన్న ముక్క ఉంటే పెట్టకండి. మూతపడిన సంస్థలో ఏడాదికి పైగా పనిచేసిన కార్మికుడికి సాధారణంగా సర్వీసు ఏడాదికి 15 రోజుల సగటు జీతం చొప్పున పరిహారం రావాలి. రాజీనామా ఇచ్చినవాడు దాన్ని అడగలేడు. కార్మికుల బీమా సంస్థ ఈఎస్ఐ వాళ్లది రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన అనే నిరుద్యోగ భృతి పథకం 2005 నుంచి ఉంది. ఆ భృతీ పని పోయినవాళ్లకే, మానుకున్నవాళ్లకు కాదు. గ్రాట్యుటీ సంగతి వేరు, ఐదేళ్లు నిండితే రాజీనామా చేసినా వస్తుంది.

పీఎఫ్‌లో మనకు అసలు తంటా పేరుతోనే. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఇక్కడి కాగితాల్లో అది వెనక్కి పోతుంది. ఆధార్‌లో అప్పారావు కలిపి ఉంటే, పీఎఫ్‌లో అప్పా వేరు, రావు వేరు. కంపెనీ నడిచినన్నాళ్లూ ఇదెవరికీ పట్టదు. తాళం పడ్డాక దిద్దించాలంటే కంపెనీ తరఫున సంతకం చేసే దిక్కుండదు. గెజిటెడ్ అధికారి లాంటివారితో ధ్రువీకరణ చేయించుకుని బరంపురం పీఎఫ్ ఆఫీసు చుట్టూ తిరగాలి. అందుకే గుమాస్తాలు ఇంకా ఫోన్లు ఎత్తుతుండగానే వాళ్లను పట్టుకోండి. మీరు పని ఆపిన తేదీ కంపెనీ వేయకపోతే, చివరి చందా పడిన రెండు నెలలకు ఆన్‌లైన్‌లో మీరే వేసుకోవచ్చు. ఇంకోమాట. పీఎఫ్‌తో వచ్చే పింఛనుకు పదేళ్ల సర్వీసు కావాలి. ఏడెనిమిదేళ్లు చేసి ఆ పింఛను సొమ్ము తీసేసుకుంటే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. సొమ్ము తీయకుండా, చేసిన సర్వీసును చూపే స్కీం సర్టిఫికెట్ తీసుకుంటే పాత ఏళ్లు కొత్త ఉద్యోగంలో కలుస్తాయి.

ఇంట్లో చెప్పలేక, రోజూ క్యారేజీ పట్టుకుని బయల్దేరి రైల్వే స్టేషన్లో పొద్దుపుచ్చే పెద్దమనుషులున్నారు. ఎంతసేపు దాగుతుంది? పాలు పోసే ఆవిడ చెప్పేస్తుంది. తాళం పడిన రాత్రే ఇంట్లో చెప్పండి. కిరాణా షావుకారుకూ చెప్పండి. ఖాతా ఆపేస్తాడని భయపడతారు గానీ, నా లెక్కన మొహం చాటేస్తేనే ఆపుతాడు.

కుర్రాళ్లు సూరత్ అనో విశాఖ అనో వెంటనే రైలెక్కేస్తున్నారు. వెళ్లండి, కాదనను. బయల్దేరేముందు మాత్రం నలుగురూ కలిసి జిల్లా కార్మిక శాఖ ఆఫీసులో, రావాల్సిన డబ్బు కోసం అర్జీ ఇచ్చి, ముద్ర కొట్టిన నకలు తీసుకోండి. కాంట్రాక్టరు కింద చేసినవాళ్లూ ఇవ్వండి. అతను జీతం ఎగ్గొడితే కట్టాల్సింది అసలు కంపెనీయే. అర్జీలో ఊళ్లోనే ఉండే ఒకరి ఫోన్ నంబరు రాయండి, విచారణకు పిలిస్తే కబురు దానికే వస్తుంది.