కన్నీళ్లు రాని కుర్రవాడు

సభకు నమస్కారం. జపాన్ యానిమే, అంటే అక్కడి యానిమేషన్ చిత్రాల చరిత్ర గురించి మాట్లాడమని నిర్వాహకులు నన్ను పిలిచారు. అంత చరిత్రకు ఒక్క సాయంత్రం చాలదు కనుక, ‘పరాసైట్’ అనే ఒకే ఒక్క ధారావాహిక గురించి మాట్లాడతాను. హితోషి ఇవాకి 1990లలో ముగించిన మాంగాను, అంటే బొమ్మల కథల పుస్తకాన్ని, మాడ్‌హౌస్ స్టూడియో 2014లో 24 భాగాల యానిమేగా మొదలుపెట్టింది.

తలలు తెగిపడే బొమ్మల కథ అని దీన్ని తీసిపారేసేవారున్నారు. తలలు తెగే మాట నిజమే. మనుషుల తలను ఆక్రమించి, వారి ముఖంతోనే మన మధ్య తిరుగుతూ మనల్నే తినే పరాన్నజీవుల కథ ఇది. అయితే ఆ నెత్తురు దగ్గరే ఆగిపోయినవారికి షినిచి కనిపించడు.

షినిచి హైస్కూలు విద్యార్థి. మెదడును చేరలేకపోయిన ఒక జీవి అతని కుడిచేతిలో స్థిరపడుతుంది. కొన్నాళ్లకు తల్లి శరీరాన్ని ఆక్రమించిన మరో జీవి ఇంటికి వచ్చి అతని గుండెలో పొడుస్తుంది. చేతిలోని జీవి మిగీ అతని గుండెను అతికించి బతికిస్తుంది గానీ, ఆనాటి నుంచి అతనికి కన్నీళ్లు రావు. చావుబతుకుల్లో ఉన్న కుక్కపిల్లను చివరిదాకా నిమిరి, ఊపిరి ఆగగానే చెత్తడబ్బాలో పడేస్తాడు. చూస్తున్న స్నేహితురాలు నిర్ఘాంతపోతుంది.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పనివ్వండి. మా అమ్మ పోయినప్పుడు నేను ఏడవలేదు. షామియానా వేయించాను, వంటవాళ్లకు లెక్కలు చెప్పాను, వచ్చినవారికి మంచినీళ్లు అందించాను. పదకొండో రోజున మా మేనత్త నా వైపు చూసి “వీడిది గుండె కాదు, బండ” అన్నది. ఆ మాట నిజమేనని నేనూ నమ్మాను. చెత్తడబ్బా ముందు నిలబడిన షినిచిని చూసేవరకూ నా వంటివాడు మరొకడు ఉంటాడని నాకు తెలియదు.

అందుకే రేకో తమురా మరణం నాకు ఈ ధారావాహిక మొత్తానికీ ప్రాణం. ఆమె కూడా పరాన్నజీవే. బిడ్డను కన్నది కేవలం పరీక్ష కోసం. పార్కులో పోలీసుల తూటాలు తగులుతుంటే ఎదురు తిరగకుండా, పారిపోకుండా, ఆ బిడ్డకు తన ఒంటిని అడ్డుపెట్టి, షినిచి తల్లి ముఖం ధరించి, బిడ్డను అతని చేతుల్లో పెట్టి కూలిపోతుంది. అప్పుడు షినిచి ఏడుస్తాడు. నేనూ ఆ రాత్రే, అమ్మ పోయిన ఏడు నెలలకు, వంటింటి గడప మీద కూర్చుని తెల్లవారేదాకా ఏడ్చాను.

ఆ దృశ్యాన్ని ఇప్పుడు తెర మీద వేస్తారు. వెనక వరుసలోని మిత్రులారా, దయచేసి లైట్లు ఆర్పండి.