ఖల్లివెల్లి మేస్త్రీ, కంపెనీ మేస్త్రీ

అన్నలారా, తమ్ముళ్లారా, ఇంటాయన గల్ఫ్‌లో ఉంటే ఇక్కడ ఇల్లు నెట్టుకొస్తున్న అక్కాచెల్లెళ్లారా,

ఖల్లివెల్లి అంటే ఏమిటో ఈ సభలో చెప్పక్కర్లేదు. విజిట్ వీసా మీద పోయి ఉండిపోయినవాళ్లు, కంపెనీలో జీతం రాక బయటపడ్డవాళ్లు. పాస్‌పోర్టు యజమాని దగ్గర, పారిపోయాడన్న కేసు వీళ్ల మీద. వాళ్ల కష్టం గురించి చాలాసార్లు విన్నాం. వాళ్ల పక్కనే అదే స్లాబ్ మీద, కాగితాలన్నీ ఉన్న మనిషి కూలి ఏమైందో ఈరోజు చెప్తాను.

నేను షార్జాలో పదకొండేళ్లు షట్టరింగ్ పని చేశాను. జీతం 900 దిర్హాములు, బ్యాంకులో పడేది. ఇంటికి పంపగలిగింది మాత్రం ఓటీ, అంటే అదనపు గంటల పని డబ్బుల వల్లే. 2017 ఎండాకాలంలో సైట్లకు కూలీలను పంపే సప్లై వాళ్ల పికప్‌లో కొత్త మనుషులు దిగారు. అందులో ఒకాయన మన ఆర్మూర్ వైపు మేస్త్రీ. రోజుకు 70 దిర్హాములు, చేతికి. పైకి చూస్తే మాకంటే ఎక్కువే. కానీ ఆయనకు వీసా ఖర్చు లేదు, ఇన్సూరెన్స్ లేదు, రూమ్ లేదు, సెలవు టికెట్ లేదు, వచ్చేసేటప్పుడు ఇచ్చే సర్వీసు డబ్బు లేదు. అవన్నీ కంపెనీకి మిగులే. నెల తిరక్కుండానే మా ఓటీ ఆగింది. అడిగితే ఫోర్‌మన్ ఏమీ మాట్లాడకుండా పికప్ వైపు చెయ్యి చూపించాడు.

క్యాంపులో రాత్రిళ్లు ఒకటే మాట: "చెకింగ్ వాళ్లకు ఫోన్ కొడదాం, కాగితాల్లేనివాళ్లను పట్టుకుపోతారు." నేను వద్దనలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఫోన్ చేసే అవసరమే రాలేదు. సప్లై ఆయన రెండు నెలల కూలి ఎగ్గొట్టి, పికప్ పంపడం మానేశాడు. ఆర్మూర్ ఆయన పోలీసుల దగ్గరికి పోలేడు, లేబర్ కోర్టుకు పోలేడు. పోతే ముందు లోపల వేసేది ఆయన్నే.

పట్టి పంపించేస్తే మన రేటు పెరుగుతుందనేవాళ్లున్నారు. సౌదీలో 2013 నవంబర్‌లో కాగితాలు సరిచేసుకునే గడువు ముగిసి సోదాలు మొదలయ్యాక సైట్లు ఖాళీ అయ్యాయి, మిగిలినవాళ్లు కొన్నాళ్లు రేటు పెంచి అడగగలిగారు, నిజమే. కానీ మనిషిని యజమానికి కట్టేసే కఫాలా పద్ధతి అప్పుడు పోలేదు. జీతం ఎగ్గొట్టేవాడు ఉన్నంతకాలం పారిపోయేవాడూ ఉంటాడు, వాడిని సగం ఖర్చుకు వాడుకునే సప్లై వాడూ ఉంటాడు. ఎమిరేట్స్‌లో 2024లో వచ్చిన మార్పు నాకు నచ్చింది. పర్మిట్ లేని మనిషిని పనిలో పెట్టుకున్న యజమానికి జరిమానా లక్ష నుంచి పది లక్షల దిర్హాములు. పడాల్సింది అక్కడే. దానితోపాటు, కాగితం లేకపోయినా చేసిన పనికి కూలి అడిగే దారి ఉండాలి. ఆర్మూర్ ఆయనకు కూలి ఎగ్గొట్టడం కష్టమైన రోజున మా ఓటీ కోయడం కూడా కష్టమవుతుంది.

ఆయన 2018 ఆమ్నెస్టీలో, అంటే క్షమాభిక్షలో, పాస్‌పోర్టు బదులు ఇచ్చే ఔట్‌పాస్ మీద ఇంటికొచ్చాడు. మొన్న కలిసినప్పుడు ఒక చిన్న నోట్‌బుక్ చూపించాడు. తేదీ, సైటు, ఎన్ని గంటలు, అన్నీ పెన్సిల్‌తో రాసుకున్నాడు. చెమటకు కొన్ని అంకెలు చెరిగిపోయాయి. అరవై రోజులు, 4,200 దిర్హాములు. మీలో ఎవరి దగ్గరైనా ఇలాంటి పుస్తకం ఉంటే సభ అయ్యాక నా దగ్గరికి తీసుకురండి. పేరు, సప్లై వాడి పేరు, బాకీ ఎంతో రాసుకుందాం.