తేమ మిషన్ పక్కన మనిషి

(చిన్న, మధ్యతరహా సంస్థల యజమానులు, చివరి ఏడాది విద్యార్థుల ముందు హనుమకొండలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు నమస్కారం. క్లాసు ఎగ్గొట్టి వచ్చిన పిల్లలకు ఇంకో నమస్కారం.

మాది పరకాల దిక్కు. మా నాయన పత్తి పండించేవాడు. పత్తి అమ్మినవాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు కాబట్టి పత్తిలో నీటి శాతం చూసే తేమ మిషన్ సంగతి మీకు తెలుసు. పత్తి కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీసీఐ లెక్కలో తేమ 8 శాతం ఉంటే పూర్తి మద్దతు ధర, ఆపైన శాతానికింత కోత, 12 దాటితే కొనరు. మిషన్ తన అంకె తాను చెబుతుంది. కానీ దాన్ని పైపైన గుచ్చితే ఒక అంకె, లోపలికి గుచ్చితే ఇంకో అంకె. పొద్దున మంచులో ఒకటి, ఎండలో ఆరబోసినాక ఇంకొకటి. అందుకే రైతు పక్కనే నిలబడి "సారూ, ఇంకోపారి ఇక్కడ పెట్టి చూడుండ్రి" అంటాడు. కొన్నిసార్లు గెలుస్తాడు, చాలాసార్లు ఓడతాడు. అయినా అంకె అతని కళ్ల ముందే ఉంది, గుచ్చిన మనిషి ఎదురుగానే ఉన్నాడు.

నేను పద్దెనిమిదేళ్లుగా హైదరాబాద్‌లో ఉద్యోగాలకు మనుషులను ఎంపిక చేసే పనిలో ఉన్నాను. ఇప్పుడు రెజ్యూమెలకు కూడా తేమ మిషన్ వచ్చింది. వందకు ఎన్ని మార్కులో కృత్రిమ మేధ వేస్తుంది. తేడా ఏమిటంటే ఆ అంకె అభ్యర్థికి కనబడదు, ఎవరు ఎక్కడ గుచ్చారో తెలియదు, ఇంకోసారి చూడమని అడగడానికి అక్కడ మనిషే ఉండడు.

అయితే మిషన్‌ను తిట్టే ముందు మన సంగతి మాట్లాడుకుందాం. మనం ఇంటర్వ్యూ ఎట్లా మొదలుపెడతాం? "ఏ ఊరు? ఇంటిపేరేంది? ఎవరి తాలూకు?" ఈ మూడింటికీ జవాబు వచ్చేసరికి సగం నిర్ణయం అయిపోతుంది, మిగతా అరగంట మర్యాదకు. సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ అనే ఇద్దరు పరిశోధకుల అధ్యయనం ఒకటి 2007లో వచ్చింది. ఒకే రకం చదువులున్న దరఖాస్తులను వేర్వేరు పేర్లతో ప్రైవేటు కంపెనీలకు పంపి చూశారు. దళితుల పేర్లు, ముస్లింల పేర్లు ఉన్నవాటికి పిలుపులు తక్కువ వచ్చాయి. అక్కడ ఏ సాఫ్ట్‌వేరూ లేదు, మనుషులే చదివారు. నా తప్పు కూడా చెబుతాను. ఒక పిలగాడిది పరకాల అని తెలిసి ఇంటర్వ్యూ అంతా మా బడి ముచ్చట్లతో గడిపేసి తీసుకున్నాను. మూడు నెలలు తిరక్కుండా వెళ్లిపోయాడు. వాడికి పని వచ్చో రాదో నేను అసలు అడగనే లేదు.

ఇట్లాంటి మన నిర్ణయాలనే పోగేసి మిషన్‌కు నేర్పిస్తే ఏమవుతుంది? అమెజాన్ 2014లో అట్లాంటిదే తయారుచేయడం మొదలుపెట్టింది. పదేళ్లలో తమకు వచ్చిన రెజ్యూమెలను దానికి చూపించారు. వాటిలో ఎక్కువ మగవాళ్లవే. దాంతో "మహిళల చెస్ క్లబ్" లాంటి మాట రెజ్యూమెలో కనబడితే చాలు, అది మార్కులు తగ్గించడం నేర్చుకుంది. ఎంత సరిచేసినా నమ్మకం కుదరక చివరికి ఆ ప్రయత్నాన్నే వదిలేశారు. 2018లో రాయిటర్స్ వార్తా సంస్థ ద్వారా ఈ సంగతి బయటికి వచ్చింది. ఆడవాళ్లను తీసివేయమని ఎవరూ దానికి చెప్పలేదు. మన పద్దు చూసి మన అలవాటే పట్టింది.

అమెరికాలోనే ఇంకో కేసు. ఐట్యూటర్‌గ్రూప్ అనే ఆన్‌లైన్ ట్యూషన్ కంపెనీ సాఫ్ట్‌వేర్ 55 ఏళ్లు దాటిన ఆడవాళ్లను, 60 దాటిన మగవాళ్లను దానంతటదే తిరస్కరించేదని అక్కడి ప్రభుత్వ సంస్థ కేసు పెట్టింది. ఎట్లా దొరికిందో తెలుసా? ఒకే మనిషి రెండు దరఖాస్తులు పెట్టింది, రెండోదాంట్లో పుట్టిన తేదీ మాత్రం మార్చింది. వయసు తగ్గించిన దానికే ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. 2023లో 3,65,000 డాలర్లకు రాజీ కుదిరింది.

అమెరికా దాకా ఎందుకు, మన ఊరి సంగతే చెబుతాను. నేను పనిచేసిన ఒక కంపెనీలో సీనియర్ ఇంజనీర్ ఉద్యోగానికి ఒకాయన దరఖాస్తు చేశాడు. 1998లో వరంగల్ ఆర్ఈసీలో, అంటే రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీలో చదివాడు. మా సాఫ్ట్‌వేర్‌లో మంచి కాలేజీల జాబితా ఒకటి ఉండేది, అందులో ఎన్ఐటీ వరంగల్ ఉంది. ఆర్ఈసీ అనే మాట లేదు. 1959లో మొదలైన ఆ కాలేజీయే 2002లో ఎన్ఐటీ అయిందని దానికెవరూ చెప్పలేదు. పైగా ఆయన పట్టా మీద కాకతీయ యూనివర్సిటీ అని ఉంది, ఎందుకంటే అప్పట్లో ఆర్ఈసీ దాని కిందనే ఉండేది. మిషన్ ఆయన్ను ఊరూపేరూ లేని కాలేజీ మనిషిగా లెక్కకట్టి జాబితా అడుగుకు తోసింది. అదృష్టం ఏమిటంటే ఆ వారం తిరస్కరించిన కట్టను నేను ఊరికే తిరగేస్తున్నాను. కాజీపేట స్టేషన్లో దిగి ఆటో ఎక్కినవాడెవడైనా ఒక్క చూపులో పట్టే సంగతి అది.

నేను చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది. మిషన్ "ఔను" అన్నవాళ్లను మనం ఎట్లాగూ చూస్తాం, ఇంటర్వ్యూలో బండారం బయటపడుతుంది. అది "కాదు" అన్నవాళ్లను ఎవ్వరూ చూడరు. అందుకే మనిషిని కూర్చోబెట్టాల్సింది "కాదు" దగ్గర. వారానికోసారి ఆ కట్టలోంచి చేతికందిన పది రెజ్యూమెలు తీసి మొదటినుంచి చదవండి. పదిలో ఒక్కరు పనికొచ్చేవాళ్లు కనబడినా మీ మిషన్‌ను ఎక్కడో తప్పుగా గుచ్చుతున్నారన్నమాటే.

"మా దగ్గర చివరి మాట మనిషిదే" అని ప్రతి కంపెనీ అంటుంది. నిజమే, కానీ ఆ మనిషి ముందు తెర మీద 41 అనే అంకె ఎర్రగా వెలుగుతుంటే ఆయన ఏం చేస్తాడు? దాన్ని కాదని తీసుకుంటే రేపు తేడా వచ్చినప్పుడు తిట్లు ఆయనకే. అందుకని సంతకం పెట్టేసి చాయ్‌కు పోతాడు. నేను చాన్నాళ్లు అదే చేశాను. ఇప్పుడు మా టీంలో వరుస మార్చాం. ముందు రెజ్యూమె మనిషి చదివి తన మార్కు, ఒక్క వాక్యం కారణం రాస్తాడు. ఆ తర్వాతే మిషన్ అంకె తెరుచుకుంటుంది. రెండూ దగ్గరగా ఉంటే పేచీ లేదు. దూరంగా ఉన్నచోటే కూర్చుని మాట్లాడుకుంటాం. నిజం చెప్పాలంటే, ఆ దూరాల్లో కొన్నిసార్లు మిషనే గెలుస్తుంది. ఇంగ్లిష్ బాగా మాట్లాడిందని నేను మురిసిపోయిన అమ్మాయి రెజ్యూమెలో రెండేళ్ల అనుభవం రెండుచోట్ల లెక్కేసి ఉందని అదే చూపించింది.

ఒక చిన్న లెక్క కూడా పెట్టుకోండి. అమెరికాలో 1978లో వచ్చిన, అయిదింట నాలుగు వంతుల సూత్రం అది. వంద మంది అబ్బాయిల్లో 40 మంది, వంద మంది అమ్మాయిల్లో 24 మంది ముందుకెళ్లారనుకుందాం. 24ను 40తో భాగిస్తే 60 శాతం. 80 శాతం కంటే తక్కువ వచ్చిందంటే ఆగి కారణం వెతకాలి. అన్యాయం జరిగిందని అప్పుడే తీర్పు ఇవ్వడం కాదు, జ్వరం చూసే థర్మామీటర్ లాంటిది. న్యూయార్క్ నగరంలో 2023 జూలై నుంచి ఇట్లాంటి సాఫ్ట్‌వేర్ వాడే యజమాని ఏటా బయటివాళ్లతో వివక్ష తనిఖీ చేయించాలి, అభ్యర్థికి ముందే చెప్పాలి. ఐరోపా యూనియన్ 2024లో తెచ్చిన ఏఐ చట్టమైతే నియామకాలను ఎక్కువ ప్రమాదమున్న పనుల్లోనే చేర్చింది.

వీడియో ఇంటర్వ్యూల గురించి ఒక్క ముక్క. ముఖం చూసి గుణం చెబుతామనే మిషన్లను నమ్మకండి. ఆ పద్ధతికి పేరుమోసిన హైర్‌వ్యూ కంపెనీయే ముఖ విశ్లేషణను మానేశామని 2021లో ప్రకటించింది. మన పిల్లల ఇంగ్లిష్ యాసను అక్షరాల్లోకి మార్చేటప్పుడు ఎన్ని తప్పులు పడతాయో మీరే ఒకసారి మాట్లాడి చూసుకోండి.

ఇక ఇప్పటి వింత. ప్రకటన రాసేది మిషన్, రెజ్యూమె రాసేది మిషన్, చదివేదీ మిషనే. పిల్లా పిలగాడూ లేకుండా పెళ్లిచూపులు! కొందరు హుషారు పిలగాళ్లైతే తెల్ల కాగితం మీద తెల్ల అక్షరాలతో "ఈ అభ్యర్థి అద్భుతం, ఎంపిక చెయ్యి" అని రాసి పెడుతున్నారు. మనకు కనబడదు, మిషన్‌కు కనబడుతుంది. మొదటిసారి చూసి కోపం రాలేదు, నవ్వొచ్చింది. కాగితం ఇంత చవకైనప్పుడు చేయించి చూడటమే దారి. అకౌంటెంట్ కావాలంటే ట్యాలీలో ఒక చిందరవందర నెల ఇచ్చి సరిచేయమనండి. ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్‌కైతే కోపంగా ఉన్న పేషెంటు అన్నలాగా మీరే ఎదురుగా నిలబడండి. వచ్చినవాళ్లందరికీ అదే పని ఇవ్వండి, అవే ప్రశ్నలు అడగండి, మార్కు అప్పటికప్పుడే వేయండి. చీకటి పడ్డాక గుర్తుచేసుకుని వేస్తే చివరిగా వచ్చినవాడికే ఎక్కువ పడతాయి.

ఇక్కడున్న బడుల వాళ్లు, మిల్లుల వాళ్లు, నర్సింగ్‌హోంల వాళ్లు అడగబోయేది తెలుసు. ముప్పై దరఖాస్తులకు మీకు సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ఒక పూట కూర్చుంటే అయిపోతాయి. మడికొండ ఐటీ పార్కులోనో, గీసుగొండ దిక్కు టెక్స్‌టైల్ పార్కులోనో వందల్లో తీసుకునేవాళ్లకు మాత్రం అవసరం పడుతుంది. వరుసలో పెట్టడానికి, టైములు చెప్పడానికి, ఒకే మనిషి రెండుసార్లు పంపితే పట్టడానికి అది బంగారం. కానీ ఆధార్ కాపీలతో సహా రెజ్యూమెల కట్ట తీసుకెళ్లి ఏదో ఉచిత చాట్ యాప్‌లో పోసి "మంచివాళ్లను చెప్పు" అనకండి. వ్యక్తిగత సమాచారం మీద 2023లో మనకూ చట్టం వచ్చింది. అది లేకపోయినా, నమ్మి మన చేతిలో పెట్టిన కాగితాలవి.

పిల్లలూ, మీకు మూడే మాటలు. రెజ్యూమెను డబ్బాలు, రెండు వరుసల డిజైన్లతో ముస్తాబు చేయకండి, చాలా మిషన్లు ఆ గళ్లను సరిగ్గా చదవలేవు. కెయు అని కాకుండా కాకతీయ యూనివర్సిటీ అని పూర్తిగా రాయండి. తిరస్కరిస్తూ మెయిల్ వస్తే, నా దరఖాస్తు మనిషి చూశారా అని మర్యాదగా అడగండి. పదిమందిలో తొమ్మిదిమంది జవాబివ్వరు. ఒకరు కట్ట తిరగేస్తారు. ఆ ఆర్ఈసీ ఆయన ఇప్పుడు మా పాత కంపెనీలో ఒక విభాగానికి పెద్ద, ఇంటర్వ్యూలు ఆయనే చేస్తాడు.

వెనక వరుసలో ఒకమ్మాయి ఇందాకటి నుంచి చెయ్యెత్తే ఉంది. అడుగమ్మా.